చెరుకు గడ కట్టుకొని చిత్తూరు నుంచి తిరుపతికి

చిత్తూరు నుంచి తిరుపతికి ఎవురు పోలేదు చెప్పండి? మీరూ పోయింటారు. బస్సెక్కి, కిటికీ పక్కన సీటు పట్టుకొని, కండక్టరు చిల్లర ఇచ్చే లోపల ఒక కునుకు తీస్తే తిరుపతి వచ్చేస్తాది. ముప్పై ఏండ్లుగా నేనూ అట్లనే పోతా వస్తా ఉండాను. మొన్న ఫిబ్రవరిలో మాత్రం ఆ దారికి నాకు మూడు దినాలు పట్టింది. సైకిల్ మీద వచ్చినాను. నలభై ఆరేండ్ల లెక్కల టీచర్ని, మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకునేదాన్ని, ఈ పని ఎందుకు పెట్టుకున్నావమ్మా అంటే, మొగుడితో పందెం.

మా ఆయన పేరు మునిరత్నం. ఒక గుడి ట్రస్టు ఆఫీసులో గుమాస్తా. మాకు ఒకే బిడ్డ, హరిత. ఎనిమిదో తరగతి. బడి మా ఇంటికి మూడు కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ మా వీధి పిల్లోళ్ళందర్నీ ఒకే ఆటోలో కుక్కి తీసకపోయే అన్న, మార్చి వస్తే ఆటో అమ్మేసి ఊరికి పోయి మామిడి తోట చూసుకుంటానన్నాడు. మా ఆయన డ్యూటీ తెల్లారుజామునే. నా బడి ఊరికి ఆ పక్క. పిల్లని దించేవాళ్ళు లేరు.

"హాస్టల్లో వేద్దాం," అన్నాడు మా ఆయన.

హరిత రెండు పూటలు అన్నం ముట్టలేదు. "నాకు సైకిల్ ఉండాది గదా నాయనా" అని ఒకటే ఏడుపు. సైకిల్ ఉన్న మాట నిజమే. మా చెల్లెలు కొనిచ్చింది. రెండేండ్లుగా అది మా వరండాలో ఉండాది. దాని హ్యాండిల్‌కి మేం కూరగాయల సంచి తగిలిస్తాం, వానొస్తే తడి తువ్వాలు ఆరేస్తాం. తొక్కడానికి మాత్రం ఆయన ఒప్పుకోడు. పదకొండేండ్ల కిందట అదే బడి రోడ్డులో బస్సు అద్దం తగిలి ఆయన సైకిల్ మీద నుంచి పడినాడు. మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు వేయించినాం. నయమైంది గానీ చెయ్యి ఈ పొద్దుకీ రవంత వంకరగానే ఉండాది. ఆ దినం నుంచి మా ఇంట్లో సైకిల్ మాట ఎత్తకూడదు.

నేను ఎత్తినాను. గట్టిగానే ఎత్తినాను.

"అంత సులువా? మీ అక్క ఇంట్లో నీ పాత సైకిల్ పడుండాది గదా. చిత్తూరు నుంచి ఈ ఇంటి దాకా తొక్కుకొని రా. వచ్చినాక పాప సంగతి మాట్లాడదాం," అన్నాడు.

"వస్తే?"

"వస్తే పాప ఇష్టం."

నేను రాలేనని ఆయన ధీమా. నాకూ ధైర్యం లేదు, నోరు మాత్రం ఉండాది. రెండో శనివారం, ఆదివారం, ముందర ఒక సీఎల్. గురువారం సాయంత్రం బస్సులో చిత్తూరు చేరినాను.

చిత్తూరు

మా అక్క సామాన్ల గదిలో బియ్యం సంచుల ఎనకాల నుంచి సైకిల్ని లాగితే, రెండు బల్లులు దూకినాయి. డిగ్రీ చదివేటప్పుడు కొన్నది. రంగు పోయింది, టైర్లు పెంకు కట్టుకొని పోయినాయి. కట్టమంచి పక్క దస్తగిరి అన్న అని ఒక ముసలాయన అంగడి ఉంటే, ఆడికి తోసుకుంటా పోయినాను. డెబ్భై ఏండ్లుంటాయి. కండ్లద్దాలు నొసటి మీద పెట్టుకొని సైకిల్ చుట్టూ ఒక తిరుగు తిరిగినాడు.

"టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు కట్టలు, అన్నీ కొత్తవి ఎయ్యాల. ఫ్రేము మాత్రం రాయి మాదిరి ఉండాది. ఎవురికి మేడమా?"

"నాకే అన్నా. తిరుపతికి పోవాల."

చేతిలో స్పానరు కింద పెట్టేసినాడు. "ఏం, బస్సులు నిలిపేసినారా?"

సంగతి చెప్పినాను. నవ్వలేదు. పని చేస్తా చేస్తా, ఒకప్పుడు తన కాడ బాడుగ సైకిళ్ళు ఇరవై ఉండేవని, కలెక్టరాఫీసు గుమాస్తాలు మొదలుకొని పెండ్లికొడుకుల దాకా వరసలో నిలబడేవాళ్ళని చెప్పినాడు. ఇప్పుడు బడి పిల్లకాయల పంక్చర్లే దిక్కంట. పొద్దున ఏడుకి సైకిల్ సిద్ధం. పద్దెనిమిది వందలయింది. బెల్లుకి డబ్బు తీసుకోలేదు.

"ఒక మాట సెప్తా ఇనుకో అమ్మా," అన్నాడు. "బయపడి రోడ్డు అంచుకి పోవద్దు. నువ్వు అంచుకి పోతే వాళ్ళు నిన్ను ఇంకా అంచుకి తోస్తారు. నీకు ఎంత జాగా కావాల్నో అంత నువ్వే తీసుకో."

అక్క రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. "నడుము పడిపోతాదే నీకు" అని తిట్టుకుంటానే ఇంకో ముద్ద వేసింది. ఊరు దాటే లోపలే నాకు రెండు తెలిసినాయి. ఒకటి, తొక్కడం మరిచిపోలేదు. రెండు, సీటు నన్ను మరిచిపోయింది.

కాణిపాకం దాటినాక

తిరుపతిలో నేను పక్కింటావిడని దాటిపోయినా యాడికని అడగదు. ఈ దారిలో అడగని మనిషి లేడు. మేకలు తోలేవాళ్ళు అడిగినారు, బోరు కాడ గుడ్డలు ఉతికేవాళ్ళు అడిగినారు, గుడికి పోయే వ్యాన్లో నుంచి తల బయట పెట్టి ఒకాయన అడిగినాడు. "తిరుపతికి" అంటే నమ్మలేదు. చివరికి "పక్కూరికి" అని చెప్పుకుంటా పోయినాను.

మామిడి తోటలు పూత మీద ఉండాయి. ఆ వాసనకి కాళ్ళ నొప్పి సగం మరిచిపోతాం. మరిచిపోనియ్యనివి స్పీడ్ బ్రేకర్లు. పల్లె పల్లెకీ రెండు. మొదటి దానికి ఎగిరి పడినాను, పండ్లు టపామన్నాయి. రెండో దాని కాడ, ఎనకనుంచి ఒకామె పాల క్యాన్లు రెండు పక్కలా కట్టుకొని సైకిల్ మీద వచ్చి, చుక్క తొణక్కుండా జర్రున దాటిపోయింది. నాకు ఒళ్ళు మండింది. గట్టిగా పిలిచినాను.

"అక్కా! ఎట్ల దాటినావు?"

ఆమె పేరు వల్లెమ్మ. నాకన్నా పెద్దది. దిగి చూపించింది. స్పీడ్ బ్రేకరు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి లేదు. ఎడమ అంచున జానెడు జాగా చదునుగా వదిలిపెట్టినారు. సైకిల్ చక్రం పోయే అంత. కారుకి, బైకుకి గుర్తు కూడా రాదు.

"పాలసందు అంటాం," అనింది. "మొదట్లో ఈ గట్టు రోడ్డు నిండా ఏసినారు. క్యాన్ల మూతలు ఎగిరిపోయి పాలన్నీ రోడ్డు పాలు. అడిగితే సిమెంటోళ్ళు నవ్వినారు. ఒక తెల్లారి మేమే గడ్డపార తెచ్చి కొట్టేసినాం. ఆ తర్వాత కొత్తగా ఏసినప్పుడల్లా వాళ్ళే ఇడిసిపెడతా ఉండారు."

"ఎవురూ ఏమీ అనలేదా?"

"పాలు కావాల గదా వాళ్ళకి?"

వంగి చెయ్యి పరిచి ఆ సందుని కొలుచుకున్నాను. నా జానకి సరిగ్గా ఒకటి. మా హరిత బడి ముందర ఉన్న స్పీడ్ బ్రేకరు గుర్తొచ్చింది. గోడ నుంచి డివైడరు దాకా, మడమ పెట్టే సందు లేకుండా వేసినారు. పిల్లకాయలు దాని మీద సైకిళ్ళని దిగి మోసుకుంటా పోతారు. లెక్కలు చెప్పేదాన్ని, అన్నేండ్లు అది చూస్తా జానెడు సంగతి నాకు తోచలేదు.

ఐరాల

ఐరాలలో నాతో బీఎడ్ చదివిన రమణి ఉండాది. రాత్రి మకాం ఆమె ఇంట్లో. సాయంత్రం నాలుక్కి ఊరి బయటికి చేరేసరికి, రోడ్డు పక్కన గానుగ కాడ నుంచి బెల్లం వాసన ముక్కు పట్టుకొని లాగింది. గడ్డి కప్పు కింద పెద్ద పెనం, అందులో పాకం కుతకుతమంటా ఉండాది. అడగకనే ఒకామె మోదుగాకులో వేడి పాకం పోసిచ్చింది. నాలుక కాలింది. అయినా రెండోసారి అడిగినాను.

పాకం పోసిన ఆమె చెంగమ్మ. ఆ గానుగ కాడ పని చేసే తొమ్మిది మందిలో పెద్దది. ఐదింటికి పని ముగించి, తొమ్మిది మందీ సైకిళ్ళు తీసినారు. వాళ్ళ ఊరు బస్సు రోడ్డు మీద నాలుగు మైళ్ళు. దినమూ ఇంటికి పోయేటప్పుడు ఆసామి మనిషికొక చెరుకు గడ ఇస్తాడు. ఆ గడని వాళ్ళు కట్టుకున్న తీరు చూసి నేను నిలబడిపోయినాను. పొడుగ్గా కాదు, అడ్డంగా. క్యారియర్ మీద అడ్డంగా పెట్టి, కుడి పక్కకి ఒక మూర బయటికి వచ్చేట్టు బిగించి, కొసకి ఎర్ర గుడ్డ ముక్క కట్టినారు.

"ఇట్ల కడితే ఎవురికైనా తగల్దా?" అని అడిగినాను.

అందరికన్నా దిట్టంగా ఉన్న సుబ్రమణి అనే మనిషి జవాబు చెప్పినాడు. "తగల్తాదనే గదమ్మా భయం. ఆ భయం వాళ్ళకి ఉండాల, మనకి కాదు. ఇది కట్టినాక మా మీదికి వచ్చిన బండి లేదు."

నన్నూ రమ్మన్నారు. వాళ్ళు పోయే తీరులో ఇంకో కట్టడి ఉండాది. అందరికన్నా ముందర చెంగమ్మ. ఆమెకి మోకాలు బాగలేదు, మెల్లగా తొక్కుతాది. ఆమె ఎనకాల మిగతావాళ్ళు, చిట్టచివర సుబ్రమణి.

"నెమ్మదిగా పొయ్యేవాళ్ళు ఎనకుంటే ఇడిసిపెట్టి పోతారు," అనింది చెంగమ్మ తల తిప్పకుండానే. "ముందర ఉంటే ఎవురూ ఇడిసిపెట్టలేరు. అందరూ నా మాదిరే రావాల."

నన్ను ఆమె ఎనకాలే పెట్టినారు. అంటే వాళ్ళ లెక్కలో నేను రెండో నెమ్మది. కొంచెం రోషం వచ్చింది గానీ, అర మైలుకే ఒప్పుకున్నాను. బస్సు ఒకటి మా ఎనకాల వచ్చి, హారన్ కొట్టి, వేగం తగ్గించి, రోడ్డు మధ్యకి పోయి దాటింది. అంత దూరంగా బస్సు నన్ను దాటడం నా జన్మలో చూళ్ళేదు. వాళ్ళు పాత పాటలు పాడుకుంటా, కోడళ్ళని తిట్టుకుంటా పోతా ఉంటే, నాకు చెప్పలేనంత సంతోషమయింది. వాళ్ళ ఊరి మలుపు కాడ సుబ్రమణి తన గడని విప్పి నా సైకిల్‌కి కట్టినాడు. చీకటి పడతా ఉంటే ఐరాలకి తిరిగొచ్చి రమణి ఇంట్లో పడినాను.

పాకాల

శనివారం ఎండెక్కే లోపల పాకాల చేరినాను. గడ పని చేస్తాందని దారంతా చూసుకుంటానే వచ్చినాను. కార్లన్నీ పక్కకి జరిగి పోయినాయి. స్టేషన్ ముందర టీ కొట్టు కాడ సైకిల్ నిలబెట్టి, టీ, మసాలా వడ తీసుకున్నాను. టీ పది, వడ ఏడు. వడ మాత్రం మా తిరుపతి వడకి తాత. పక్క బెంచీ మీద ఒక లారీ డ్రైవరు, తమిళం కలిసిన తెలుగులో, ఆ చెరుకు ఎందుకమ్మా అని అడిగినాడు. చెప్పి, నేనూ ఒకటి అడిగినాను.

"అన్నా, నిజం చెప్పు. సైకిల్ మీద మనిషి ఉంటే ఆనుకొని పోతారు. చెరుకు గడ ఉంటే ఎందుకు దూరంగా పోతారు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టినాడు. "మనిషైతే తనే తప్పుకుంటాడని అనుకుంటాం అమ్మా. చెరుకు తప్పుకోదు గదా."

ఆ మాటకి చేతిలో వడ ప్లేటులో పెట్టేసినాను. ఆయనకి కూడా, చెప్పినాక, ఏదో మాదిరి అయినట్టుంది. నా టీకి కూడా ఆయనే డబ్బిచ్చి లేచి పోయినాడు.

ఇంత సేపూ ఎనక్కి తిరిగి చూడలేదు నేను. చూసేసరికి ఒక ఆవు నా గడని సగం దాకా నమిలేసింది. ఎర్ర గుడ్డ దాని మూతి కాడ వేలాడతా ఉండాది. టీ కొట్టాయన పొట్ట పట్టుకొని నవ్వినాడు. "పాకాల ఆవుల సంగతి తెలీదా మేడం? రైలు నిలబడితే కిటికీలో నుంచి అరటిపండు లాక్కుంటాయి!" నేనూ నవ్వినాను. మిగిలిన ముక్క కూడా దానికే ఇచ్చేసినాను. ఇంకొకటి కొనాల్సింది. ఎండెక్కతా ఉండాదని, సగం దారి వచ్చేసినాలే అని, కొనకుండానే బయలుదేరినాను. నా తెలివి అట్ల ఏడిసింది.

చంద్రగిరికి ముందర

పెద్ద రోడ్డు ఎక్కినాక గాలి మారిపోయింది. లారీ పోతే సైకిల్ ఒక పక్కకి ఊగతాది. దస్తగిరి అన్న చెప్పిన మాట గుర్తుంది గానీ, గుండె మాట వినలేదు. అంచుకి జరిగినాను. ఇంకా అంచుకి జరిగినాను. తెల్ల కారు ఒకటి నా మోచేతికి జానెడు దూరంలో రివ్వున పోయింది. హ్యాండిల్ అదిరి, ముందు చక్రం కంకరలోకి దిగి, నేను మోకాళ్ళ మీద పడినాను. కారు ఆగలేదు. వాళ్ళకి తెలిసింది కూడా ఉండదు.

ఆడ జామకాయలు అమ్మే ముసలామె ఒకామె పరిగెత్తుకొచ్చి, చెంబు నీళ్ళతో మోకాలు కడిగి, తన గొడుగు కింద కూర్చోబెట్టింది. రక్తం పెద్దగా లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. నొప్పికి కాదు. హరితని ఆ కంకరలో ఊహించుకున్నాను. మా ఆయన చెప్పింది నిజమే, నాది ఒట్టి మొండితనం అనిపించింది. ఫోన్ చేసినాను.

"పడినాను," అన్నాను.

"దెబ్బ తగిలిందా?"

"మోకాలు గీరుకుంది అంతే."

"బస్సు పైన సైకిల్ వేసుకొని వచ్చేయ్ సుగుణా. పందెమూ వద్దు, ఏమీ వద్దు." ఫోన్ పెట్టెయ్యకుండా ఇంకొకటి అన్నాడు. "నీకొక మాట చెప్పలేదు ఇన్నాళ్ళూ. నేను పడిన దినం పాప నా ముందర కూర్చోనుండింది."

నాకు ముందు అర్థం కాలేదు. హరితని అప్పటికే తన అక్క ఇంట్లో దించేసి, ఒక్కడే తిరిగి వస్తా పడినానని పదకొండేండ్లుగా చెప్తా వచ్చినాడు. దించేసి కాదంట, దించడానికి పోతా. రెండేండ్ల బిడ్డ, ముందు కడ్డీ మీద చిన్న సీటులో ఉండింది. పడేటప్పుడు బిడ్డని ఒక చేత్తో పైకెత్తి, ఇంకో చెయ్యి కింద పెట్టినాడు. ఆ చెయ్యే విరిగింది. బిడ్డకి గీత కూడా పడలేదు. ఎవరో బిడ్డని ఆయన అక్క ఇంట్లో వదిలితే, అక్కా తమ్ముడూ కలిసి నాకు చెప్పకూడదని అనుకున్నారంట.

కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, ఎదురుగా ఉంటే ఏమనుండేదాన్నో. ఆ ఎనకాలే జాలి వచ్చింది. పదకొండేండ్లు ఒక్కడే కడుపులో పెట్టుకొని తిరిగినాడు. పిల్ల సైకిల్ అన్నప్పుడల్లా ఆ మనిషికి కనపడింది రోడ్డు కాదు, గాల్లో ఉన్న తన బిడ్డ.

"ఏమయ్యా," అన్నాను, "నువ్వు పడింది నీ తప్పు కాదు. ఆ బస్సాయన నువ్వు తప్పుకుంటావనుకున్నాడు. అంతే."

"నువ్వు బస్సెక్కతా ఉండావా లేదా?"

"లేదు. పందెం కోసం కాదు. హాస్టల్‌కి పంపితే పిల్ల భయపడడం నేర్చుకుంటాది. తొక్కడం యాడ నేర్చుకుంటాది? నాకు దారి ఒకటి దొరికింది, చూపిస్తాను ఉండు."

ముసలామె మూడు జామకాయలు ఒళ్ళో పెట్టింది. డబ్బిస్తే చెయ్యి వెనక్కి తోసేసింది. "ఎవురి కోసరం వస్తా ఉండావు?" అనింది. బిడ్డ కోసరం అన్నాను. "అట్లయితే పో" అనింది. చంద్రగిరి దాకా, రోడ్డు మీద నాకు కావాల్సిన జాగా తీసుకొని తొక్కి, రాత్రికి ఆడనే ఒక లాడ్జిలో దిగినాను.

తిరుపతి

ఆదివారం పొద్దున చంద్రగిరిలో చెరుకు రసం బండి ఆయన కాడ ముదురు గడ ఒకటి ఏరుకొని, వంకర లేకుండా అడ్డంగా కట్టించుకున్నాను. ఎర్ర గుడ్డకి నా చున్నీ కొస చింపినాను. ఎడమ పక్క కొండలు నాతోనే వచ్చినాయి. ఆ పది పన్నెండు కిలోమీటర్లు ఒక భయమూ లేదు.

మా ఊర్లోకి వచ్చినాక ఉండాది అసలు సంగతి. చిత్తూరు నుంచి వచ్చిన దారంతా ఒక ఎత్తు, ఇంటికి ముందర నాలుగు కిలోమీటర్లు ఒక ఎత్తు. పల్లెల్లో ఎక్కడికని అడుగుతారు, ఈడ ఎందుకని హారన్ కొడతారు. టిఫిన్ సెంటర్ ముందర మూడు వరసల బైకులు. ఎదురుగా వచ్చే షేర్ ఆటోలు. యాత్రికుల వ్యాన్లు. నా గడ చూసి ఒక కారాయన అద్దం దించినాడు.

"ఏందమ్మా అది? కారు గీసుకుంటాది!"

"గీసుకుంటాది సార్. అందుకే దూరంగా పోండి."

పోయినాడు. సిగ్నల్ కాడ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపినాడు. గడ మూరెడు ఉండకూడదు, నడిచేవాళ్ళకి తగల్తాది అన్నాడు. ఆ మాటా నిజమే. పక్కన కొబ్బరి బోండాల కత్తి తెప్పించి, ఆయనే జానెడున్నర మిగిల్చి నరికినాడు. నరికిన ముక్కని ఆటో డ్రైవరు ఒకడు అడిగి తీసుకొని నమిలినాడు. కానిస్టేబుల్ ఎర్ర గుడ్డని మాత్రం తనే కొత్త కొసకి కట్టిపెట్టినాడు.

మా వీధి మొగదాల మా ఆయన స్కూటర్ మీద కూర్చోనుండాడు. ఎంత సేపటి నుంచి కూర్చున్నాడో. నన్ను చూసి లేచి, ముందర మోకాలు చూసినాడు, తర్వాత గడ చూసినాడు.

"ఏమ్మే ఇది?"

"తప్పుకోనిది," అన్నాను.

ఇంటి నుంచి బడికి

ఆ రాత్రి భోజనాల కాడ పాలసందు చెప్పినాను, గడ చెప్పినాను, చెంగమ్మ వరస చెప్పినాను. లారీ డ్రైవరు మాట చెప్పేటప్పుడు మా ఆయన అన్నం కలపడం ఆపేసినాడు. హరితకి, ఆ దినం తను సైకిల్ ముందర కూర్చోనున్న సంగతి కూడా ఆయనే చెప్పినాడు. పిల్ల ఆ వంకర మణికట్టుని చేతిలోకి తీసుకొని కొంచేపు వదలలేదు.

"మాట తప్పను. పాప ఇష్టమే," అన్నాడు. "కానీ ఒక్కతి పోకూడదు."

ఒక్కతి ఎందుకు పోతాది? హరిత పోతే మేమూ పంపుతామని మా వీధిలో మూడిండ్లవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఆ మూడిండ్లూ తిరిగి మాట తీసుకున్నాను. మున్సిపాలిటీకి పోయి అర్జీ పెట్టినాను. అందులో "జానెడు సందు" అని రాసి, పక్కన సెంటీమీటర్లు వేసినాను. ఇంజినీరు చదివి, మళ్ళా చదివినాడు.

"స్పీడ్ బ్రేకర్ వేయమనేవాళ్ళని చూసినా మేడం, పీకేయమనేవాళ్ళని చూసినా. జానెడు ఇడిసిపెట్టమని అడిగింది మీరే," అన్నాడు.

నాలుగు దినాలకి తనే వచ్చి నిలబడి, అంచు కొట్టించినాడు. అర గంట పని. ఇంకా ఆ రోడ్డులోనే మూడుండాయి. అర్జీ నకలు నా బ్యాగులోనే ఉండాది, వదలను. టిఫిన్ సెంటర్ ఆయన తొమ్మిదింటి దాకా బైకులు ఒకే వరస పెట్టిస్తానన్నాడు. ఐదు దినాల్లో మూడు దినాలు పెట్టిస్తాడు.

మా ఆయన ఒక నెల డ్యూటీ మార్పించుకున్నాడు. నాకు చెప్పలేదు. మార్చి మొదటి సోమవారం పొద్దున, నలుగురు ఆడపిల్లలు సైకిళ్ళతో మా వాకిట్లో నిలబడినారు. ఎనకాల సుబ్రమణి జాగాలో, ఆ పొద్దుకి నా బడిలో పర్మిషన్ పెట్టి, నేను, గడ కట్టుకొని. ముందర ఎవురా అని చూస్తా ఉంటే, గేటు కాడ నుంచి మా ఆయన ఒక సైకిల్ తోసుకుంటా వచ్చినాడు. దస్తగిరి అన్న కాడ నుంచి బస్సు మీద తెప్పించినాడంట. పదకొండేండ్ల తర్వాత ఎక్కినాడు. రెండుసార్లు కాలు కింద పెట్టినాడు. పిల్లలు నవ్వాపుకుంటా ఉండారు.

"నాయనా, అందరికన్నా నెమ్మది నువ్వే," అనింది హరిత. "నువ్వే ముందర ఉండాల."

బడి రోడ్డు మీదికి తిరిగినాం. ఆయన పడిన జాగా రాగానే హ్యాండిల్ రవంత ఊగింది. ఆ వంకర చేత్తోనే గట్టిగా పట్టుకున్నాడు. అంచుకి జరగలేదు. నా ఎనకాల ఒక బస్సు వచ్చి హారన్ కొట్టింది, మళ్ళా కొట్టింది. దాటడానికి జాగా లేదు.

"నాయనా, కొంచెం బిరీనా పో!"

"ఇంతే పోతా పాపా. ఎనకాల రానీ."

ఆ పొద్దు ఆ బస్సు బడి గేటు దాకా మా ఆయన వేగంతోనే వచ్చింది.